పిలిస్తే వచ్చే బస్సు: డయల్-ఎ-రైడ్ షెడ్యూళ్ల చరిత్ర

ఫోన్ చేసిన వాళ్ల గుమ్మం ముందుకే వచ్చి ఎక్కించుకుని, దారిలో మరికొందరిని ఎక్కిస్తూ దించుతూ, ఎవరి గమ్యానికి వాళ్లను చేర్చే చిన్న బస్సు సర్వీసే డయల్-ఎ-రైడ్. టాక్సీలాగా ఇంటికి వస్తుంది, బస్సులాగా నలుగురితో కలిపి తీసుకెళ్తుంది. దానికి ముందే గీసిన రూటు లేదు, స్టాపులో అంటించిన టైంటేబులూ లేదు. ఏ బండి ఎవరిని తీసుకెళ్లాలి, ఎవరిని ముందు ఎక్కించుకుని ఎవరిని ముందు దించాలి, ఏ వేళకు ఎక్కడ ఉండాలి అన్నవి వచ్చిన పిలుపులను బట్టి తేలాలి. వీటికి జవాబు వెతికే లెక్కను ఆపరేషన్స్ రీసెర్చ్‌లో డయల్-ఎ-రైడ్ సమస్య అంటారు.

1960ల చివర్లో అమెరికాలో రూపుకట్టిన ఈ సమస్యకు ఆచరణలో నిలిచిన పరిష్కారాల్లో అధికభాగం హ్యూరిస్టిక్ పద్ధతులే. అన్నిటికంటే మేలైన జవాబు ఇదేనని ఇవి రుజువు చేయవు. ఉన్న వ్యవధిలో పనికొచ్చేంత మంచి జవాబును పట్టుకుంటాయి. ఈ పద్ధతుల ఎదుగుదలకు కంప్యూటర్ల వేగం ఒక కారణం మాత్రమే. బండి ఎవరి కోసం తిరుగుతోంది, వాళ్లకు ఏమని మాట ఇచ్చింది అన్నది మారినప్పుడల్లా లెక్క కూడా మారుతూ వచ్చింది.

జిట్నీల నుంచి ఎంఐటీ దాకా

సొంత కారులో నలుగురిని ఎక్కించుకుని తలా కొంత తీసుకోవడం డయల్-ఎ-రైడ్ కంటే పాత సంగతి. 1914లో లాస్ ఏంజెలెస్‌లో కొందరు కార్ల యజమానులు ట్రామ్ దారుల వెంట తిరుగుతూ అయిదు సెంట్లకే జనాన్ని ఎక్కించుకోవడం మొదలుపెట్టారు. జిట్నీలని పేరుపడ్డ ఈ బళ్లు ఏడాది తిరక్కుండా అనేక అమెరికా నగరాలకు పాకాయి. రాబడి పడిపోయిన ట్రామ్ కంపెనీలు గగ్గోలు పెట్టడంతో నగరపాలక సంస్థలు లైసెన్సులు, పూచీకత్తులు, రూటు నిబంధనలు తెచ్చిపెట్టాయి. కొద్ది ఏళ్లలోనే చాలాచోట్ల జిట్నీలు కనుమరుగయ్యాయి. అట్లాంటిక్ సిటీలో మాత్రం నిలదొక్కుకున్నాయి. జిట్నీకి షెడ్యూలు లెక్కతో పని లేదు. తెలుగు నగరాల షేర్ ఆటోలాగే అది రద్దీ దారిలో అటూ ఇటూ తిరిగేది, చెయ్యెత్తిన వాళ్లను ఎక్కించుకునేది. దారి ముందే తెలిసి ఉన్నందువల్ల వరస గురించి ఆలోచించే అవసరం దానికి రాలేదు.

ఆ అవసరం రెండో ప్రపంచయుద్ధం తర్వాత పెరిగిన శివారు కాలనీలతో వచ్చింది. అక్కడ ఇళ్లు విసిరేసినట్టు దూరదూరంగా ఉంటాయి. దాదాపు ప్రతి ఇంటికీ కారు ఉంటుంది. పెద్ద బస్సు వేస్తే ఖాళీగా తిరుగుతుంది. వేయకపోతే కారు లేనివాళ్లు, నడపలేని ముసలివాళ్లు, పిల్లలు ఇంటికే పరిమితమవుతారు. 1964లో అమెరికా కాంగ్రెస్ నగర రవాణాకు కేంద్ర నిధులిచ్చే చట్టం చేసింది. 1966లో దానికి తెచ్చిన సవరణ కొత్త తరహా రవాణా పద్ధతులపై అధ్యయనం జరగాలని కోరింది. ఆ అధ్యయనం ఫలితంగా 1968లో వెలువడిన ప్రభుత్వ నివేదిక ముందుకు తెచ్చిన ఆలోచనల్లో పిలిస్తే వచ్చే బస్సు ఒకటి.

అప్పటికే మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ (ఎంఐటీ)లో ఈ ఆలోచన మొలకెత్తింది. 1966లో అక్కడి విద్యార్థులు మెట్రాన్ పేరుతో ఒక సమగ్ర నగర రవాణా పథకం రచించారు. ఫోన్ పిలుపులను కంప్యూటర్ అందుకుని చిన్న బస్సులకు దారి చెప్పడం అందులో ఒక భాగం. దాన్ని పట్టుకుని డేనియల్ రూస్ నాయకత్వంలో 'కార్స్' అనే పరిశోధన ప్రాజెక్టు మొదలైంది. కంప్యూటర్ సాయంతో దారి నిర్ణయించే వ్యవస్థ అన్నది ఆ పేరుకు విస్తరణ. అందులో షెడ్యూలింగ్ పద్ధతుల పని ప్రధానంగా నైజెల్ విల్సన్ చేతుల మీదుగా సాగింది. ఆయన బృందం 1971లో వెలువరించిన నివేదిక డయల్-ఎ-రైడ్ పద్ధతులకు తొలి పునాదుల్లో ఒకటి.

లెక్కలోని చిక్కు

బళ్లకు దారి వేసే లెక్కలు అప్పటికి కొత్తవి కావు. 1954లో జార్జ్ డాంట్జిగ్, రే ఫుల్కర్సన్, సెల్మర్ జాన్సన్ 49 ఊళ్లు చుట్టి వచ్చే అతి దగ్గరి దారి కనిపెట్టి, అంతకంటే దగ్గరి దారి లేదని నిరూపించారు. 1959లో డాంట్జిగ్, జాన్ రామ్సర్ కలిసి పెట్రోలు బంకులకు ఇంధనం చేరవేసే లారీల సమస్యను లెక్కగా రాశారు. 1964లో క్లార్క్, రైట్ 'పొదుపు' పద్ధతి చెప్పారు. రెండు వేర్వేరు ట్రిప్పులను కలిపితే ఎంత దూరం మిగులుతుందో చూసి, ఎక్కువ మిగిలే జతను ముందుగా కలుపుకుంటూ పోవడమే ఆ పద్ధతి. ఇవన్నీ సరుకు లెక్కలు. పెట్రోలును ఎంతసేపు తిప్పినా అది విసుక్కోదు.

మనుషుల విషయంలో రెండు షరతులు అదనంగా చేరతాయి. ఒకటి, ఎక్కించుకున్న బండే దించాలి, ఎక్కించుకున్నాకే దించాలి. రెండు, ఎంతసేపు ఎదురుచూశారు, బండిలో ఎంతసేపు కూర్చున్నారు అన్నదానికి హద్దు ఉండాలి. మొదటి షరతు కొన్ని వరసలను కొట్టేస్తుంది, అయినా మిగిలేవి తక్కువేమీ కావు. ఒకే బండి ఇద్దరిని తీసుకెళ్లాలంటే 6 వరసలు సాధ్యం. ముగ్గురికి 90. అయిదుగురికి 1,13,400. పదిమందికి సుమారు 2,376 లక్షల కోట్లు. బళ్లు ఎక్కువైతే ఎవరిని ఏ బండికి అప్పగించాలన్న ప్రశ్న దీనికి తోడవుతుంది. 1972లో రిచర్డ్ కార్ప్ ఇలాంటి అనేక సమస్యలు ఒకే జాతివని, ఒకదానికి వేగవంతమైన కచ్చితమైన పద్ధతి దొరికితే మిగతావాటికీ దొరుకుతుందని చూపించాడు. అలాంటి పద్ధతి ఇంతవరకూ దొరకలేదు. డయల్-ఎ-రైడ్ సమస్య ఆ జాతిలో ఇంకొంచెం కష్టమైన కొమ్మ.

పైగా తొలినాటి డయల్-ఎ-రైడ్‌లో పిలుపులు ముందే తెలియవు. ప్రయాణికుడు ఫోన్ పట్టుకుని ఉండగానే బండి ఎప్పుడు వస్తుందో చెప్పాలి. అందువల్ల వ్యవధి నిమిషాల్లో కాదు, సెకండ్లలో ఉండేది.

ఉన్న వరసలో ఇరికించడం

విల్సన్ బృందం ఎంచుకున్న ఉపాయం చొప్పింపు. కొత్త పిలుపు రాగానే మొత్తం లెక్కను తిరగతోడరు. ప్రతి బండికీ అప్పటికే ఉన్న స్టాపుల వరసను కదపకుండా, కొత్త మనిషిని ఎక్కించుకునే చోటునూ దించే చోటునూ ఎక్కడ ఇరికిస్తే అందరికీ కలిపి తక్కువ ఇబ్బందో చూస్తారు. ఎనిమిది స్టాపులు మిగిలి ఉన్న బండిలో ఇలా ఇరికించడానికి 45 మార్గాలున్నాయి. ఇరవై బళ్లుంటే 900. ఆనాటి కంప్యూటర్‌కు ఇది అందుబాటులో ఉన్న పని.

ఈ పద్ధతిలో అసలు విషయం 'ఇబ్బంది'ని కొలిచే తీరులో ఉంది. బండి తిరిగిన దూరం ఒక్కటే చూస్తే ఊరి చివర ఉన్నవాళ్లకు బండి ఎప్పటికీ రాదు. అందుకని ఎదురుచూపు, ప్రయాణ సమయం, మాటిచ్చిన వేళకు జరిగిన ఆలస్యం వంటివాటిని లెక్కలోకి తెచ్చి, ఒక్కొక్కదానికి కొంత బరువు ఇచ్చారు. కొత్త మనిషి వల్ల అప్పటికే బండిలో ఉన్నవాళ్లకు కలిగే జాప్యమూ ఇందులో భాగమే. హద్దు దాటించే ఏ చొప్పింపునూ ఒప్పుకోరు. తర్వాత వచ్చిన పద్ధతులు ఎన్ని మలుపులు తిరిగినా ఈ చట్రం అలాగే ఉండిపోయింది.

చొప్పింపుకు ఒక పుట్టు లోపం ఉంది. అది ముందుచూపు లేని పద్ధతి. పది గంటలకు తీసుకున్న నిర్ణయం పది గంటలకు బాగానే ఉంటుంది. పదీ అయిదుకు మరో పిలుపు వచ్చాక అది తప్పుడు నిర్ణయంగా తేలవచ్చు. ఎవరు ముందు ఫోన్ చేశారన్న దాన్ని బట్టి షెడ్యూలు మారిపోతుంది. తర్వాతి యాభై ఏళ్ల పరిశోధనలో చాలా భాగం ఈ లోపాన్ని సరిదిద్దే ప్రయత్నమే.

ఊళ్లలో పరీక్ష

పద్ధతులు ప్రయోగశాలలో ఉండగానే బస్సులు రోడ్డెక్కాయి. కెనడాలోని ఒంటారియోలో, టొరంటో శివారైన బే రిడ్జెస్‌లో 1970లో మొదలైన సర్వీసు ఇళ్ల నుంచి రైల్వేస్టేషన్‌కు జనాన్ని చేర్చేది. గమ్యం ఒకటే కాబట్టి లెక్క తేలిక, మనుషులే నడిపేవారు. 1971లో కెనడాలోని రెజైనా, అమెరికాలోని బటేవియా, ఆన్ ఆర్బర్ పట్టణాలు ఈ బాట పట్టాయి. ఫోన్ అందుకున్న వాళ్లు చిరునామా కార్డు మీద రాసేవారు, డిస్పాచర్ పటం చూసి ఏ బండికి ఇవ్వాలో తేల్చి రేడియోలో డ్రైవరుకు చెప్పేవాడు. అనుభవజ్ఞుడైన డిస్పాచర్ చేసే పని కూడా ఒక విధంగా చొప్పింపే, అయితే మనసులో పట్టేన్ని బళ్ల వరకే.

అమెరికా కేంద్ర ప్రభుత్వం నేరుగా డబ్బు పెట్టి నడిపిన ప్రదర్శన ప్రాజెక్టు న్యూజెర్సీలోని హాడన్‌ఫీల్డ్‌లో 1972 నుంచి 1975 దాకా సాగింది. మొదట మనుషులే బళ్లను పురమాయించారు, తర్వాత ఆ పని కంప్యూటర్‌కు అప్పగించి చూశారు. న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ శివార్లలో 1973లో మొదలైన సర్వీసుకు ఎంఐటీ బృందమే కంప్యూటర్ నియంత్రణను సమకూర్చింది. విల్సన్, కాల్విన్ 1977లో దాని మీద నివేదిక రాశారు. కార్స్ ప్రాజెక్టులో కాగితం మీద పుట్టిన చొప్పింపు పద్ధతి నిజమైన రోడ్ల మీద, నిజమైన ఆలస్యాల మధ్య పరీక్షకు నిలిచింది ఇక్కడే. ఇచ్చిన మాటకూ బండి వచ్చిన వేళకూ మధ్య తేడా ప్రయాణికులను ఎక్కువగా చిరాకు పెడుతుందని గమనించి, ఆ తేడాకు లెక్కలో ప్రత్యేక స్థానం ఇచ్చారు.

ఆర్థికంగా మాత్రం ఈ సర్వీసులు తడబడ్డాయి. ఇల్లిల్లూ తిరిగే బండి గంటకు ఎక్కించుకోగలిగేది సాధారణంగా పదిమంది లోపే. డ్రైవరు జీతం మాత్రం పెద్ద బస్సుకు దీటుగా ఉంటుంది. కాలిఫోర్నియాలోని శాంటా క్లారా కౌంటీ 1974 చివర్లో కౌంటీ అంతటా ఒకేసారి డయల్-ఎ-రైడ్ ప్రారంభించింది. ఫోన్లు పోటెత్తి లైన్లు దొరకలేదు. టాక్సీ కంపెనీలు కోర్టుకెక్కాయి. ఆరు నెలలు గడిచేసరికి కౌంటీ దాన్ని ఆపేసింది. గిరాకీ పెరిగే కొద్దీ పెద్ద బస్సు ఖర్చు తలకు తగ్గుతుంది. ఇంటింటికీ తిరిగే బండికి అంత సౌలభ్యం లేదు, ఎక్కే వాళ్లు పెరిగితే బళ్లూ పెంచుకోవలసిందే. ఎంత మంచి షెడ్యూలు వేసినా ఈ తేడా పోదు.

ఇతర దేశాల్లోనూ ప్రయోగాలు నడిచాయి. బ్రిటన్‌లో ఆబింగ్డన్, హార్లో, మిల్టన్ కీన్స్ వంటి పట్టణాలు 1970ల్లో ఈ తరహా బస్సులు నడిపి చూశాయి. టోక్యోలో 1975లో మొదలైన ఒక సర్వీసు రూటును ఉంచుకుంటూనే, పిలుపు వస్తే పక్క వీధిలోకి మళ్లేది. జర్మనీలో కాన్‌స్టన్స్ సరస్సు ఒడ్డున ఉన్న ఫ్రీడ్రిక్స్‌హాఫెన్ పట్టణం 1970ల చివర్లో రూఫ్‌బస్ సర్వీసు తెచ్చింది. ఆ సర్వీసు పోగుచేసిన ప్రయాణాల వివరాలే తర్వాతి దశాబ్దంలో ఒక ముఖ్యమైన పరిశోధనకు ముడిసరుకయ్యాయి.

కొత్త ప్రయాణికులు, కొత్త షరతులు

డయల్-ఎ-రైడ్‌కు స్థిరమైన చోటు దొరికింది వికలాంగుల, వృద్ధుల రవాణాలో. మెట్లెక్కలేని వాళ్లకు, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లకు మామూలు బస్సు అందుబాటులో ఉండదు. వాళ్లకు ఇంటి నుంచి ఇంటికి తీసుకెళ్లే బండి సౌకర్యం కాదు, అవసరం. టొరంటోలో వీల్-ట్రాన్స్ 1975లో మొదలైంది. అమెరికాలో 1973 నాటి పునరావాస చట్టం, కేంద్ర నిధులు అందుకునే కార్యక్రమాల్లో వికలాంగుల పట్ల వివక్షను నిషేధించింది. 1990లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ఇంకా ముందుకెళ్లింది. బస్సు రూటుకు ముప్పావు మైలు లోపల ఉన్న అర్హులకు రవాణా సంస్థలు డయల్-ఎ-రైడ్ తరహా సర్వీసు అందించాలని, మర్నాటి ప్రయాణానికి ఈ రోజు అడిగితే ఇవ్వాలని, అడిగిన వేళకు గంటకు మించి అటూ ఇటూ జరపకూడదని, ఛార్జీ మామూలు బస్సుకు రెట్టింపు దాటకూడదని నిబంధనలు ఏర్పడ్డాయి.

దీనితో లెక్క స్వరూపమే మారింది. పిలుపులు చాలావరకు ముందురోజే వస్తాయి కాబట్టి రాత్రంతా కంప్యూటర్‌ను నడిపి మర్నాటి షెడ్యూలు వేసుకోవచ్చు. ఇంకోవైపు షరతులు పెరిగాయి. ప్రతి ప్రయాణానికీ ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల లోపని ఒక టైమ్ విండో ఉంటుంది. చక్రాల కుర్చీకి వేరే చోటు కావాలి. ఎక్కడానికి, దిగడానికి ఎక్కువ సమయం పడుతుంది. డయాలిసిస్‌కు వెళ్లేవాళ్లు ఆలస్యం కాకూడదు. హైదరాబాద్ ఐటీ కంపెనీలు రాత్రి షిఫ్టు ఉద్యోగుల క్యాబులకు పికప్ వరస వేసేటప్పుడు ఎదురయ్యేది ఈ లెక్కకే కొంత తేలికైన రూపం. అక్కడ అందరి గమ్యం ఒకటే, లేదా బయలుదేరే చోటు ఒకటే.

కచ్చితమైన జవాబు హద్దు, హ్యూరిస్టిక్ సత్తా

కచ్చితమైన జవాబు ఎంత దూరం వెళ్లగలదో 1980లో హారిలాయోస్ సరాఫ్టిస్ తేల్చాడు. ఆయనా ఎంఐటీ వాడే. ఒకే బండి ఉన్న సమస్యలో ఏ క్షణాన చూసినా ప్రతి ప్రయాణికుడూ మూడు స్థితుల్లో ఒకదానిలో ఉంటాడు: ఎదురుచూస్తూనో, బండిలోనో, దిగిపోయో. ఈ స్థితుల కలయికలన్నిటినీ పట్టికగా వేసి, డైనమిక్ ప్రోగ్రామింగ్‌తో అత్యుత్తమ వరసను రాబట్టవచ్చు. పదిమందికి కలయికలు 59,049, కంప్యూటర్‌కు అది చిన్న పని. ఇరవై మందికి 348 కోట్లు దాటతాయి. అందుకే ఆ పద్ధతి ఒక బండికి, పదిమంది వరకే ఆచరణలో పనికొచ్చింది. కొత్త పిలుపు వచ్చినప్పుడల్లా లెక్కను మళ్లీ చేసే రూపాన్ని కూడా ఆయన అదే పత్రంలో పరిశీలించాడు. అలా చేస్తే దూరంగా ఉన్న ఒకరిని ప్రతిసారీ వెనక్కి నెట్టే ప్రమాదముంది. దాన్ని ఆపడానికి, ఫోన్ చేసిన వరసకూ ఎక్కించుకున్న వరసకూ మధ్య తేడా ఇన్ని స్థానాలు మించకూడదన్న షరతు పెట్టాడు. న్యాయాన్ని లెక్కలో ఒక షరతుగా రాసిన తొలి ప్రయత్నాల్లో ఇది ఒకటి.

ఈ రంగంలో ఎక్కువగా ఉదహరించే పత్రాల్లో ఒకటి 1986లో జా, ఒడోనీ, సరాఫ్టిస్, విల్సన్ కలిసి రాసినది. అనేక బళ్లు, ముందే తెలిసిన పిలుపులు, టైమ్ విండోలు ఉన్న సమస్యకు వాళ్లు చొప్పింపును క్రమపద్ధతిలో నిలబెట్టారు. ప్రయాణికుడు ఎక్కే వేళో దిగే వేళో ఏదో ఒకటి చెబుతాడు. గరిష్ఠ ప్రయాణ సమయాన్ని బట్టి రెండోదాన్ని పద్ధతే లెక్కగడుతుంది. ఎక్కే వేళల క్రమంలో ఒక్కొక్కరినీ తీసుకుని, ప్రతి బండిలోనూ షరతులకు లోబడే చొప్పింపులన్నీ చూసి, అదనపు భారం తక్కువైనదాన్ని ఎంచుకుంటుంది. లోపల మనిషి ఉండగా బండి ఊరికే ఆగి ఉండకూడదన్నది అందులో ఒక నియమం. కాగితం మీద వృథా లేకుండా కనిపించే షెడ్యూలును ప్రయాణికుడు భరించేలా చేసే నియమాలు ఇలాంటివే. ఈ పద్ధతిని ఫ్రీడ్రిక్స్‌హాఫెన్ వివరాల మీద నడిపి 2,617 మంది ప్రయాణికులకు, 28 బళ్లకు షెడ్యూలు వేశారు. కచ్చితమైన పద్ధతి ఒక బండితో పదిమంది దగ్గర ఆగిపోతున్న రోజుల్లో ఇది సాధ్యమైంది.

మాంట్రియల్‌లో జాక్ డెరోజియే, ఇవాన్ డుమా, ఫ్రాన్స్వా సూమీ మరో దారి పట్టారు. టైమ్ విండోలు ఇరుకుగా ఉంటే చాలా వరసలు వాటంతట అవే రాలిపోతాయి. ఆ సంగతిని వాడుకుని 1986లో ఒక బండికి 40 పిలుపుల దాకా కచ్చితంగా తేల్చారు. పెద్ద సమస్యలకు మాత్రం వాళ్లూ హ్యూరిస్టిక్‌ను కలుపుకున్నారు. ఒకే వేళకు, ఒకే వైపుకు వెళ్లే కొద్దిమందిని ముందు చిన్న గుంపులుగా కూర్చి, ఆ గుంపులను గొలుసుగా కలిపితే ఒక బండి రోజు తయారవుతుంది. గుంపులు కూర్చడం ఉపాయంతో, గొలుసు కలపడం గణితంతో జరుగుతుంది.

ఈ రెండంచెల ఆలోచన విశాలంగా అమలైన చోటు బెర్లిన్. ఆ నగరపు టెలిబస్ వికలాంగుల కోసం నడిచేది. సుమారు వంద మినీబస్సులు, రోజుకు 1,000 నుంచి 1,500 పిలుపులు దాని స్థాయి. గోడ కూలి రెండు బెర్లిన్లు ఒకటయ్యాక చేత్తో షెడ్యూలు వేయడం తలకు మించిన పనైంది. అక్కడి జూజే ఇన్‌స్టిట్యూట్‌లో రాల్ఫ్ బోర్న్‌డోర్ఫర్, మార్టిన్ గ్రోచెల్, వాళ్ల సహచరులు 1990ల్లో ఈ లెక్కను చేపట్టారు. బండి ఖాళీగా మొదలై మళ్లీ ఖాళీ అయ్యేదాకా సాగే ముక్కలను మొదటి అంచెలో కూర్చారు. డ్రైవర్ల షిఫ్టులు, విశ్రాంతి వేళలు పాటిస్తూ ఆ ముక్కలను రెండో అంచెలో రోజుకు సరిపడా దారులుగా కలిపారు. కోపెన్‌హాగెన్, బొలోన్యా నగరాల్లోనూ అదే దశాబ్దంలో వికలాంగుల బళ్ల కోసం చొప్పింపు మీద ఆధారపడిన పద్ధతులు తయారయ్యాయి.

వేసిన షెడ్యూలును చెరిపి వేయడం

ఒక షెడ్యూలు చేతికొచ్చాక దాన్ని కదిపి బాగుచేసే పద్ధతులు 1980ల నుంచి వరసగా వచ్చాయి. వీటిని మెటాహ్యూరిస్టిక్స్ అంటారు. ఒకరిని ఒక బండి నుంచి తీసి ఇంకో బండిలో పెడితే భారం తగ్గుతుందా అని చూస్తూ పోతే, ఒక దశలో ఏ ఒక్క మార్పూ మేలు చేయని చోట చిక్కుకుపోతాం. కాసేపు నష్టాన్ని ఒప్పుకుంటేనో, పెద్ద మార్పు చేస్తేనో తప్ప అక్కడి నుంచి బయటపడలేం. బయటపడే మార్గాల్లో తేడాయే ఈ పద్ధతుల మధ్య తేడా.

1983లో కిర్క్‌పాట్రిక్, గెలాట్, వెక్కీ ప్రచురించిన సిమ్యులేటెడ్ అనీలింగ్‌లో చెడ్డ మార్పును కూడా అప్పుడప్పుడు ఒప్పుకుంటారు. కాచిన లోహం చల్లారే తీరును అనుకరిస్తూ ఆ ఒప్పుకోలును క్రమంగా తగ్గిస్తారు. ఫ్రెడ్ గ్లోవర్ 1986లో పేరుపెట్టిన టాబూ సెర్చ్, ఉన్నవాటిలో మంచి మార్పును, అది నష్టమే అయినా, చేసేస్తుంది. వెంటనే వెనక్కి రాకుండా ఆ మార్పును కొంతకాలం నిషేధ జాబితాలో పెడుతుంది. జాన్ హాలండ్ 1975 నాటి పుస్తకంతో ప్రచారంలోకి వచ్చిన జెనెటిక్ అల్గారిథమ్‌లు రెండు షెడ్యూళ్లను కలిపి మూడోదాన్ని పుట్టిస్తాయి. 1998లో పాల్ షా చెప్పిన పద్ధతి షెడ్యూలులో గణనీయమైన భాగాన్ని చెరిపేసి, తీసేసిన ప్రయాణికులను మళ్లీ చొప్పిస్తుంది. 2006లో స్టెఫాన్ రోప్కే, డేవిడ్ పిసింగర్ దాన్ని విస్తరించి, చెరిపే తీరులు, చొప్పించే తీరులు అనేకం పెట్టుకుని, ఏవి ఫలిస్తున్నాయో చూసి వాటిని ఎక్కువగా వాడే ఏర్పాటు చేశారు.

డయల్-ఎ-రైడ్‌లో వీటికి బలమైన నమూనా 2003లో మాంట్రియల్‌కు చెందిన జాన్-ఫ్రాన్స్వా కోర్డో, జిల్బేర్ లపోర్త్ రాసిన టాబూ సెర్చ్. షరతులు మీరిన షెడ్యూళ్లను కూడా అది తాత్కాలికంగా అనుమతిస్తుంది. బండి నిండిపోయినా, వేళ దాటినా జరిమానా వేసి ముందుకు సాగుతుంది. ఉల్లంఘనలు కొనసాగితే జరిమానా పెరుగుతుంది, లేకపోతే తగ్గుతుంది. నిషిద్ధ ప్రాంతం మీదుగా అడ్డదారిలో వెళ్లి మంచి షెడ్యూలు చేరుకోవడం దీనివల్ల వీలైంది. 24 నుంచి 144 పిలుపుల దాకా ఉన్న వాళ్ల నమూనా లెక్కలు తర్వాతి పరిశోధకులందరికీ కొలబద్దలయ్యాయి. దీనికి పోటీగా, డెన్మార్క్ పరిశోధకులు 2007లో జెనెటిక్ పద్ధతిని, ఆస్ట్రియాకు చెందిన సోఫీ పరాగ్ బృందం 2010లో పొరుగు పరిధిని మార్చుకుంటూ వెతికే పద్ధతిని ప్రచురించాయి. ఇంతలో కచ్చితమైన పద్ధతులూ ఎదిగాయి. 2007 నాటికి రోప్కే, కోర్డో, లపోర్త్ 96 పిలుపుల లెక్కను రుజువుతో సహా తేల్చారు. హ్యూరిస్టిక్ ఇచ్చిన జవాబు అత్యుత్తమానికి ఎంత దగ్గరో కొలవడానికి ఇవి పనికొచ్చాయి.

చొప్పింపు కూడా అక్కడే ఆగిపోలేదు. 2004లో మార్కో డయానా, మాజిద్ డెసూకీ 'రిగ్రెట్' చొప్పింపు ప్రతిపాదించారు. ఎవరి వేళ ముందో వాళ్లను ముందు తీసుకోకుండా, ఇప్పుడు చోటివ్వకపోతే తర్వాత ఎవరికి చోటు దొరకడం కష్టమో వాళ్లను ముందు తీసుకోవడం అందులోని కీలకం. ముందుచూపు లేకపోవడమనే పాత లోపానికి ఇది సూటిగా చేసిన చికిత్స. లాస్ ఏంజెలెస్ వికలాంగుల సర్వీసు వివరాల మీద 500, 1,000 పిలుపులతో దాన్ని పరీక్షించారు.

చేతిలో ఫోను, వెంటనే జవాబు

స్మార్ట్‌ఫోన్, జీపీఎస్ వచ్చాక అప్పటికప్పుడు పిలిచే సాధారణ ప్రయాణికుడు మళ్లీ తెరమీదికి వచ్చాడు. హెల్సింకీలో 2012లో మొదలైన కుట్సుప్లస్ అందుకు తొలి ఉదాహరణల్లో ఒకటి. ఆల్టో విశ్వవిద్యాలయం పరిశోధన నుంచి పుట్టిన ఈ సర్వీసులో ఫోన్ తెర మీద పిలిస్తే మినీబస్సు దగ్గరి స్టాపుకు వచ్చేది. బళ్లు 15 దాకా పెరిగాయి. ప్రయాణికులు మెచ్చుకున్నారు. అయినా ప్రతి ట్రిప్పుకూ ప్రజాధనం నుంచి పడే భారం ఎక్కువ కావడంతో 2015 చివర్లో ఆపేశారు. నలభై ఏళ్ల కిందటి ఊళ్లను దెబ్బతీసిన అంకగణితమే ఇక్కడా అడ్డుపడింది. 2014లో అమెరికాలో ఊబర్, లిఫ్ట్ సంస్థలు అపరిచితులను ఒకే కారులో కలిపే సర్వీసులు తెచ్చాయి. 2020లో కొవిడ్ వచ్చాక వాటిని నిలిపేశాయి.

ఈ దశలో లెక్క పరిమాణం వేలల నుంచి లక్షలకు చేరింది. 2014లో పావలో శాంటి బృందం న్యూయార్క్ నగరంలో 2011లో జరిగిన 15 కోట్లకు పైగా టాక్సీ ప్రయాణాలను పరిశీలించింది. ఏ రెండు ప్రయాణాలను కొద్దిపాటి ఆలస్యంతో కలపవచ్చో జాలంగా గీసి, కలిపితే మొత్తం తిరుగుడు నలభై శాతమో అంతకంటే ఎక్కువో తగ్గుతుందని అంచనా వేసింది. 2017లో ఎంఐటీ, కార్నెల్‌కు చెందిన హావియర్ అలోన్సో-మోరా బృందం అదే నగరానికి ఇంకో మెట్టు పైకి వెళ్లింది. ఎవరిని ఎవరితో కలపవచ్చో, ఆ గుంపును ఏ బండి తీసుకెళ్లగలదో కొద్ది సెకండ్లకొకసారి జాబితా వేసి, అందులోంచి మంచి కూర్పును గణిత ప్రోగ్రామింగ్‌తో ఎంచుకున్నారు. నలుగురు పట్టే 3,000 కార్లతో, సగటున 2.8 నిమిషాల ఎదురుచూపుతో 98 శాతం గిరాకీని తీర్చవచ్చని వాళ్ల అనుకరణ చూపింది. అప్పట్లో నగరంలో తిరిగే టాక్సీలు పదమూడు వేలకు పైనే. అందరూ పంచుకోవడానికి ఒప్పుకుంటారన్న ఊహ మీద ఆధారపడిన ఫలితమిది.

ఆ పద్ధతికి ఒక గుణముంది. ఎప్పుడు ఆపినా ఏదో ఒక పనికొచ్చే జవాబు చేతిలో ఉంటుంది, ఇంకా సమయమిస్తే అది మెరుగుపడుతుంది. డయల్-ఎ-రైడ్ వ్యవస్థల్లో బాగా నాటుకున్న అమరిక కూడా ఈ తీరులోనే ఉంటుంది. పిలుపు రాగానే చొప్పింపు పద్ధతి కుదురుతుందో లేదో చూసి వేళ చెబుతుంది. ప్రయాణికుడు ఫోన్ పెట్టేశాక, తర్వాతి పిలుపు వచ్చేలోగా, మెటాహ్యూరిస్టిక్ వెనక ఉండి షెడ్యూలును కదిపి బాగుచేస్తుంది. చెప్పిన వేళను మాత్రం అది దాటకూడదు.

ఇప్పటికీ మనిషి చేతిలో ఉన్నవి బరువులు. బండి ఖర్చుకు ఎంత, ఎదురుచూపుకు ఎంత, చుట్టుదారిలో కూర్చోబెట్టినందుకు ఎంత, మాట తప్పినందుకు ఎంత అన్నది ఏ పద్ధతీ తనంతట తాను తేల్చదు. 1970ల్లో ఎంఐటీ బృందం ఆ అంకెలను తానే ఊహించి పెట్టుకుంది. 1990 తర్వాత అమెరికాలో చట్టం కొన్నిటికి హద్దు గీసింది. యాప్‌ల కాలంలో వాటిని కంపెనీలు నిర్ణయిస్తున్నాయి. ఒకే ఊరికి, అవే పిలుపులకు, అదే పద్ధతి వేసే షెడ్యూలు ఈ అంకెలను బట్టి మారిపోతుంది. అందుకే డయల్-ఎ-రైడ్ పద్ధతిని అంచనా వేసేటప్పుడు అది ఎంత వేగంగా జవాబిచ్చింది, ఎన్ని కిలోమీటర్లు మిగిల్చింది అన్నవాటితోపాటు ఎవరి సమయానికి ఎంత విలువ కట్టిందన్నదీ చూడవలసి ఉంటుంది.